వానకాలంలో మోటారు సైకిలు: కదలడం కన్నా ఆగడం ముఖ్యం

జూన్ మొదటి తేదీ ప్రాంతంలో నైరుతి రుతుపవనాలు కేరళ తీరాన్ని తాకుతాయి. మరో వారం పది రోజుల్లో తెలుగు నేల మీదికి వస్తాయి. అవి వెనుదిరిగాక అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు తమిళనాడును, కోస్తా ఆంధ్రను, రాయలసీమను తడుపుతాయి. అంటే మన దేశంలో చాలా ప్రాంతాల్లో మోటారు సైకిలు ఏడాదికి నాలుగు నుంచి ఆరు నెలలు తడి రోడ్డు మీదే తిరగాలి. ఆ నెలల్లో బండిని ఎలా చూసుకోవాలన్నదే ఈ రోజు మన పాఠం.

వానకాలం వస్తోందనగానే మనలో చాలామంది మెకానిక్‌ దగ్గరకు వెళ్లి అడిగేది ఒక్కటే: "వానలో బండి ఆగిపోకుండా చూడు బాబూ." ఈ ప్రశ్నలో తప్పు లేదు కానీ ఇది సగం ప్రశ్నే. వానలో బండి స్టార్టు కాకపోతే ఆఫీసుకు ఆలస్యం అవుతుంది, నాలుగు అడుగులు తోసుకుంటూ వెళతాం. వానలో బండి ఆగకపోతే జరిగే నష్టం వేరు. అందుకే ఈ పాఠంలో ముందు ఆగడం గురించి, తరువాత కదలడం గురించి మాట్లాడుకుందాం.

ఈ సంగతి నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. చాలా ఏళ్ల కిందట ఒక జూన్ నెలలో నా వంద సీసీ బండిని సర్వీసింగు చేయించాను. ఒక్క కిక్కుకే స్టార్టు అయ్యేది. కడిగించాను, ఇంజన్ ఆయిలు మార్పించాను, ప్లగ్గు కొత్తది వేయించాను. మొదటి వాన పడిన సాయంత్రం మా ఆవిడను వెనక కూర్చోబెట్టుకుని వస్తుంటే రైలు గేటు దగ్గర ముందు వెళ్తున్న ఆటో ఆగింది. బ్రేకు తొక్కాను. వెనక చక్రం తిరగడం మానేసింది, బండి మాత్రం తడిసిన పట్టాల మీద జారుకుంటూ పోయింది. ఆమె మణికట్టు విరిగింది. తరువాత చూస్తే వెనక టైరు నున్నగా అరిగిపోయి ఉంది. ముందు బ్రేకు ఎంత వదులుగా ఉందంటే పిడికిలి పూర్తిగా బిగించినా పట్టదు. ఆ రెండింటినీ చూడమని నేను ఎవరినీ అడగలేదు. తప్పు మెకానిక్‌ది కాదు, నాదే.

తడి రోడ్డు ఎంత దూరం లాగుతుంది?

లెక్కతో మొదలుపెడదాం. బండి ఆగే దూరంలో రెండు భాగాలు ఉంటాయి. ప్రమాదాన్ని కన్ను చూసి, చెయ్యి బ్రేకు మీద పడేలోగా బండి వెళ్లిపోయే దూరం ఒకటి. బ్రేకు పట్టాక ఆగేదాకా జరిగే దూరం రెండోది. చెయ్యి కదలడానికి ఒక్క సెకను పడుతుందనుకుందాం. పొడి రోడ్డుకూ టైరుకూ మధ్య ఘర్షణ గుణకం 0.7 అనీ, తడి రోడ్డు మీద 0.4 అనీ తీసుకుందాం.

గంటకు 40 కి.మీ. వేగంతో వెళ్తే పొడి రోడ్డు మీద దాదాపు 20 మీటర్లలో ఆగుతాం, తడి రోడ్డు మీద 27 మీటర్లు కావాలి. అదే 60 కి.మీ. వేగమైతే పొడి రోడ్డు మీద 37 మీటర్లు, తడి రోడ్డు మీద 52 మీటర్లు. ఎండలో 60 కి.మీ. వేగంతో వెళ్తూ ఎంత దూరంలో ఆగగలమో, వానలో అంత దూరంలో ఆగాలంటే 50 కి.మీ. కూడా దాటకూడదు. పైగా ఇది మంచి టైరుకు, మంచి బ్రేకుకు వేసిన లెక్క. టైరు అరిగినా, బ్రేకు వదులైనా ఈ దూరం ఇంకా పెరుగుతుంది.

మొదటి వానలో ఇంకొక చిక్కు ఉంది. వేసవి అంతా రోడ్డు మీద లారీల ఆయిలు చుక్కలు, టైర్ల రబ్బరు పొడి, దుమ్ము పేరుకుని ఉంటాయి. సన్నని జల్లు పడగానే అవన్నీ కలిసి జారుడు పూతలా తయారవుతాయి. గంటసేపు గట్టి వాన కురిసి రోడ్డు కడిగేసిన తరువాత కన్నా, మొదటి పావుగంట జల్లులోనే ఎక్కువ జారుతుంది. వీలైతే ఆ పావుగంట ఏ టీ కొట్టు దగ్గరో ఆగండి.

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రోడ్డు రవాణా శాఖ ప్రకటించింది. వారిలో దాదాపు 44 శాతం మంది ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవారే. ఈ మరణాలన్నీ వానలో జరిగినవి కావు. అయినా, మనం ఎక్కే బండి ఎంత తక్కువ రక్షణ ఇస్తుందో ఈ అంకె గుర్తు చేస్తుంది.

టైర్లు

బండికీ భూమికీ మధ్య ఉన్న సంబంధమంతా టైరు నేలను తాకే చోటే. అది మన అరచేయంత కూడా ఉండదు. టైరు మీద గాడులు ఉన్నది అందం కోసం కాదు. చక్రం కింద ఉన్న నీటిని పక్కలకు నెట్టేసి, రబ్బరును రోడ్డుకు తాకించడమే వాటి పని. గాడులు అరిగిపోతే నీరు పోవడానికి దారి ఉండదు. అప్పుడు టైరు రోడ్డు మీద కాకుండా నీటి పొర మీద నడుస్తుంది.

ద్విచక్ర వాహనాల టైరు గాడి లోతు 0.8 మి.మీ. కన్నా తగ్గకూడదని మోటారు వాహనాల నియమాలు చెబుతున్నాయి. గాడుల అడుగున అక్కడక్కడ చిన్న రబ్బరు దిమ్మెలు ఉంటాయి. టైరు అరిగి అరిగి ఆ దిమ్మెలతో సమానమైతే దాని ఆయుష్షు తీరినట్లే. అయితే 0.8 మి.మీ. అన్నది చట్టం ఒప్పుకునే చివరి హద్దు. వానకాలంలోకి అడుగుపెట్టే టైరుకు కనీసం 2 మి.మీ. గాడి ఉండేలా చూసుకోవడం మంచిది. ఎలాగూ రెండు మూడు నెలల్లో మార్చవలసిన టైరైతే దీపావళి దాకా ఆగకుండా జూన్‌లోనే మార్చండి. ఖర్చు అదే, ప్రయోజనం రెట్టింపు.

గాలి విషయంలో ఒక అపోహ ఉంది. వానలో టైరుకు గాలి తగ్గిస్తే పట్టు పెరుగుతుందని కొందరు అంటారు. బురద నేలలో అది కొంత నిజమే కానీ తారు రోడ్డు మీద కాదు. గాలి తగ్గితే టైరు నలిగి గాడులు మూసుకుపోతాయి, నీటిని నెట్టే శక్తి తగ్గుతుంది. కంపెనీ ఇచ్చిన పుస్తకంలో ఎంత ఉంటే అంతే పట్టించండి. వారానికి ఒకసారి, టైరు చల్లగా ఉన్నప్పుడు చూపించండి.

బ్రేకులు

మన దేశంలో తిరిగే మామూలు బండ్లలో ఎక్కువ వాటికి వెనక డ్రమ్ము బ్రేకే ఉంటుంది. కొన్నిటికి ముందు కూడా అదే. లోతైన నీటిలోంచి వెళ్తే డ్రమ్ములోకి నీరు చేరుతుంది. అప్పుడు బ్రేకు తొక్కినా షూలు జారిపోతాయి. అందుకే నీళ్లు దాటాక, వెనక వాహనాలు లేవని చూసుకుని, నెమ్మదిగా వెళ్తూ రెండు బ్రేకులూ కొద్దికొద్దిగా పట్టి వదలండి. ఆ వేడికి షూలు ఆరతాయి. బ్రేకు మళ్లీ పట్టిందని తెలిశాకే వేగం పెంచండి.

డ్రమ్ము విప్పకుండానే షూలు ఎంత అరిగాయో తెలుసుకోవచ్చు. చక్రం మధ్యలో బ్రేకు కడ్డీ బిగించిన చోట చాలా బండ్లకు చిన్న బాణం గుర్తు ఉంటుంది. దానికి ఎదురుగా డ్రమ్ము మూత మీద ఒక గీత ఉంటుంది. బ్రేకు పూర్తిగా తొక్కి పట్టినప్పుడు బాణం ఆ గీతను చేరితే షూలు మార్చవలసిందే. ఇక నట్టు బిగించి లాభం లేదు.

డిస్కు బ్రేకు బయటికి కనిపిస్తుంది కాబట్టి నీరు తొందరగా జారిపోతుంది. అయినా తడిసినప్పుడు పట్టిన మొదటి క్షణంలో కొంచెం మందంగా ఉంటుంది. దీనిలో అసలు గమనించవలసింది బ్రేకు ఆయిలు. ఇది గాలిలోని తేమను పీల్చుకునే ద్రవం. తేమ పెరిగిన కొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది. లోపల బుడగలు వస్తే లీవరు మెత్తబడుతుంది. అందువల్ల రెండేళ్లకు ఒకసారి మార్పించాలి. హ్యాండిలు దగ్గరి చిన్న డబ్బాలో కనిష్ఠ గీతకు కిందికి దిగిందంటే ప్యాడ్లు బాగా అరిగాయనో, ఎక్కడో కారుతోందనో అర్థం.

2019 ఏప్రిల్ నుంచి అమ్మిన కొత్త బండ్లలో 125 సీసీ దాటిన వాటికి చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ తప్పనిసరి అయింది. 125 సీసీ లోపు వాటికి ఒక బ్రేకు పడితే రెండు చక్రాలకూ పని చేసే సీబీఎస్ అయినా ఉండాలన్నారు. ఇవి మంచి సాధనాలే. అయితే అరిగిన టైరుకు పట్టు తెచ్చే శక్తి ఏబీఎస్‌కు లేదు.

చాలామందికి ముందు బ్రేకంటే భయం. వానలో అయితే అసలు ముట్టుకోరు. నేను చేసిందీ అదే. బ్రేకు పట్టగానే బండి బరువు ముందు చక్రం మీదికి వస్తుంది. అంటే ఆపే శక్తి ఎక్కువగా అక్కడే ఉంటుంది. యాక్సిలరేటరు వదిలి, బండిని నిటారుగా ఉంచి, రెండు బ్రేకులూ కలిపి, ముందుది ఒక్కసారిగా గుంజకుండా క్రమంగా బిగించాలి. ఖాళీగా ఉన్న తడి రోడ్డు మీద 20 కి.మీ. వేగంతో నాలుగైదుసార్లు ఇలా ఆపి చూసుకోండి. మీ బండి ఎంత దూరంలో ఆగుతుందో మీకే తెలుస్తుంది.

చైను, కేబుళ్లు

వాన నీరు చైను మీది ఆయిలును కడిగేస్తుంది, రోడ్డు మీది ఇసుక దానికి అంటుకుంటుంది. ఇసుక, తుప్పు కలిస్తే చైను సాగిపోతుంది, పళ్ల చక్రాలు అరుగుతాయి. బాగా వదులైన చైను నడుస్తున్న బండిలో పళ్ల మీద నుంచి జారి చక్రాన్ని పట్టేసే ప్రమాదమూ ఉంది. అందుకని చైను సంగతి కూడా భద్రతలో భాగమే.

ఎండాకాలంలో ఎప్పుడో ఒకసారి చేసే ఈ పనిని వానకాలంలో 500 కి.మీ.కు ఒకసారి చేయండి. ఇంజన్ ఆపి, సెంటరు స్టాండు వేసి, చైనును కిరసనాయిలులో ముంచిన గుడ్డతో తుడవండి. పెట్రోలు వాడవద్దు, లింకుల మధ్య రబ్బరు వలయాలు ఉన్న చైనైతే అవి పాడవుతాయి. ఆరిన తరువాత 90 నంబరు గేరు ఆయిలు గానీ చైను స్ప్రే గానీ లోపలి వైపు నుంచి పట్టించండి. చక్రాన్ని చేత్తోనే తిప్పండి. ఇంజన్ నడుస్తుండగా చైనుకు ఆయిలు వేయబోయి వేళ్లు పోగొట్టుకున్నవారు ఉన్నారు. చైను మధ్యలో వేలితో నొక్కితే సుమారు రెండున్నర, మూడు సెంటీమీటర్లు ఆడాలి. సరైన కొలత మీ బండి పుస్తకంలో ఉంటుంది.

క్లచ్చు, యాక్సిలరేటరు, ముందు డ్రమ్ము బ్రేకు కేబుళ్లలో నాలుగు చుక్కల ఆయిలు వేయించండి. లోపల తుప్పు పట్టిన కేబులు తిరిగి వెనక్కు రాదు. యాక్సిలరేటరు వదిలినా ఇంజన్ వేగం తగ్గకపోతే తడి రోడ్డు మీద ఏమవుతుందో ఊహించుకోండి.

కరెంటు, పెట్రోలు

ఇప్పుడు కదలడం గురించి. వానలో బండి మొరాయించడానికి ఎక్కువగా కారణం స్పార్క్ ప్లగ్గు మీది టోపీ. దాని రబ్బరు పగిలితే తేమ చేరి, కరెంటు ప్లగ్గుకు పోకుండా బయటికే పారిపోతుంది. పగిలిన టోపీని మార్పించండి. ప్లగ్గు వైరు మీద పగుళ్లు ఉన్నాయేమో చూడండి. బ్యాటరీ తీగలు బిగువుగా ఉండాలి, వాటి మీద కాస్త వ్యాజిలిన్ పూస్తే తుప్పు పట్టదు. వెనక బ్రేకు లైటు, ఇండికేటర్లు రోజూ చూసుకోండి. వాన తెరలో మీరు ఆగుతున్నారని వెనక లారీ డ్రైవరుకు చెప్పేది ఆ ఎర్ర దీపం ఒక్కటే.

పెట్రోలు విషయంలో పాత అలవాటు ఒకటి మార్చుకోవాలి. ఇప్పుడు మన బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్‌కు నీరంటే ఇష్టం. ట్యాంకులోకి నీరు ఎక్కువగా చేరితే ఇథనాల్ ఆ నీటితో కలిసి, పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు చేరుతుంది. ఇంజన్‌కు ముందు అందేది ఆ అడుగు నీరే. ట్యాంకు మూత చుట్టూ ఉన్న పల్లంలో నీరు బయటికి పోవడానికి చాలా బండ్లకు చిన్న రంధ్రం ఉంటుంది. అది మట్టితో మూసుకుపోతే నీరు మూత చుట్టూ నిలిచి లోపలికి దిగుతుంది. సన్నని తీగతో ఆ రంధ్రాన్ని శుభ్రం చేయండి. మూత రబ్బరు ఎండి పగిలితే మార్చండి. చాలా రోజులు కదలని బండిని దాదాపు ఖాళీ ట్యాంకుతో వదిలేయకండి.

వరద నీరు

2005 జులై 26న ముంబయిలోని శాంతాక్రజ్ దగ్గర ఒక్కరోజులో 944 మి.మీ. వాన కురిసింది. 2020 అక్టోబరులో హైదరాబాదు కాలనీలు మునిగాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ ప్రాంతం రోజుల తరబడి నీటిలో ఉంది. ఇలాంటప్పుడు ప్రతి వీధిలోనూ బండ్లు మునుగుతాయి. నీరు తీసిన మరునాడు ఆత్రంగా సెల్ఫ్ నొక్కడం వల్ల పాడయ్యే ఇంజన్లు ఎన్నో ఉంటాయి.

కారణం సులభమైనదే. ఇంజన్‌లో పిస్టను గాలిని, పెట్రోలు ఆవిరిని నొక్కుతుంది. గాలి నొక్కుకుంటుంది, నీరు నొక్కుకోదు. సిలిండరులో నీరు ఉండగా ఇంజన్ తిప్పితే ఆ బలమంతా కనెక్టింగ్ రాడ్డు మీద పడి అది వంగిపోతుంది. కొన్ని వందలతో పోయే పని వేలల్లోకి వెళ్తుంది.

కాబట్టి మునిగిన బండికి కిక్కు కొట్టకండి, తాళం కూడా తిప్పకండి. ముందు బ్యాటరీ తీగ ఊడదీయండి. ఇంజన్ ఆయిలు చూడండి. పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీరు చేరినట్లే. మెకానిక్ చేత ప్లగ్గు తీయించి, నెమ్మదిగా కిక్కు తిప్పించి నీటిని బయటికి పంపించాలి. ఆయిలు, ఎయిర్ ఫిల్టరు మార్చాలి. ట్యాంకులోని పెట్రోలు దింపాలి. కొద్దిసేపు నడిపాక ఆయిలు మరోసారి మార్చాలి. బ్రేకు డ్రమ్ములు విప్పి బురద కడగాలి. బీమా ఉంటే బండిని కదిపే ముందే ఫొటోలు తీసి పెట్టండి. థర్డ్ పార్టీ బీమా ఒక్కటే ఉంటే వరద నష్టం రాదు. సొంత నష్టానికి కూడా బీమా ఉండాలి. అప్పుడు కూడా, నీరున్న ఇంజన్‌ను తిప్పడం వల్ల జరిగిన నష్టానికి మామూలు పాలసీలు సాధారణంగా చెల్లించవు.

ఇక చప్టా మీద పారే నీరు. మోకాలి లోతు లేదు కదా అనుకోకండి. పారే నీరు చక్రాలను పక్కకు నెడుతుంది, కింద రోడ్డు కోసుకుపోయిందో లేదో కనిపించదు. అక్కడ బండి ఎంత బాగున్నా పనికిరాదు. ఆగడమే దారి.

వెనక కూర్చున్నవారు

చివరగా రెండు మాటలు. వెనక కూర్చుని గొడుగు విప్పి పట్టుకోవడం మన ఊళ్లలో రోజూ కనిపించే దృశ్యం. ఎదురుగాలికి ఆ గొడుగు తెరచాపలా మారి మనిషిని వెనక్కు లాగుతుంది. రెయిన్‌కోటు అంచు, చీర కొంగు, చున్నీ చక్రంలో పడకుండా సర్దుకోవాలి. చీర గార్డును ఊడదీసి పక్కన పడేయకండి. హెల్మెట్ ఇద్దరికీ ఉండాలి, గీతలు పడిన అద్దం ఉంటే మార్చాలి. పొలాల దగ్గర ట్రాక్టర్లు దమ్ము చక్రాలతో రోడ్డెక్కి వదిలిన బురద, రైలు పట్టాలు, ఇనుప మ్యాన్‌హోలు మూతలు, రోడ్డు మీది తెల్ల గీతలు, ఇవన్నీ తడిస్తే అద్దంలా జారతాయి. వాటి మీద బ్రేకు పట్టవద్దు. వాటికి ముందే వేగం తగ్గించుకోవాలి.

బండిని తడిగా ఉండగానే ప్లాస్టిక్ కవరుతో కప్పకండి. లోపల తేమ నిలిచి తుప్పు పడుతుంది. బురద కడిగి, తుడిచి, గాలి తగిలే చోట ఉంచండి. నీటి పైపును చక్రం ఇరుసుల మీదికి, హ్యాండిలు మెడ మీదికి నేరుగా గురిపెట్టకండి. లోపలి గ్రీజు పోయి బేరింగులు అరుగుతాయి.

పాల క్యాన్లు వేసుకుని తెల్లవారుజామున బయలుదేరేవారు, ఇంటింటికీ భోజనం పార్శిళ్లు అందించే కుర్రవాళ్లు, పల్లె బడికి వెళ్లే పంతుళ్లు, వీరెవరికీ వాన తగ్గేదాకా ఇంట్లో కూర్చునే వీలు లేదు. వారి కోసమే ఈ పాఠం. రోజూ తాళం చేతిలోకి తీసుకోగానే మూడు నిమిషాలు చాలు. టైర్లు నొక్కి చూడండి, రెండు బ్రేకులూ పట్టి చూడండి, చైను కదిపి చూడండి, వెనక దీపం వెలుగుతోందో చూడండి.

ఈసారి మెకానిక్ దగ్గరకు వెళ్లినప్పుడు మీ ప్రశ్న కొంచెం మార్చండి. "వానలో బండి ఆగిపోకుండా చూడు" అనేదానికి ముందు, "వానలో బండి ఆగేలా చూడు" అనండి. మీ వెనక కూర్చునేవారి తరఫున కూడా మీరే అడగాలి. ఎందుకంటే వారి చేతిలో బ్రేకు లేదు.